ఇంజను మీద తోడుపెట్టిన పాలు

వెలిచ్కా ప్లెవెన్ పట్నంలో ముప్పై ఒక్క ఏళ్ళు ట్రాలీబస్సు నడిపింది. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో కదులుతున్న బండిని ఒక్కదాన్ని కూడా దాటి ముందుకు పోలేదు. ఎలా పోతుంది? ట్రాలీబస్సుకి నెత్తిన రెండు కొమ్ములుంటాయి. అవి పైనున్న కరెంటు తీగల్ని పట్టుకుని జారుతుంటాయి. తీగ ఎటు పోతే బస్సు అటే. ముందు బొగ్గుల బండి ఈడుస్తూ పోతుంటే దాని వెనకే ఈడవాలి. విసుగుపుట్టి కాస్త ఎక్కువ పక్కకి లాగితే కొమ్ములు ఊడతాయి, నడివీధిలో బస్సు నిలబడిపోతుంది. అప్పుడు దిగి, వానైనా మంచైనా, తాడు పట్టుకుని కొమ్ముల్ని మళ్ళీ తీగకి తగిలించాలి. వెనక యాభైమంది సణుగుతూనే ఉంటారు.

ఉద్యోగం ఆఖరి రోజున డిపో వాళ్ళు ఆమెకు పూలగుత్తి, గోడ గడియారం ఇచ్చి పంపారు. కూతురు మాత్రం పనికొచ్చే సలహా ఇచ్చానని అనుకుంది.

"అమ్మా, దాచుకున్న డబ్బుతో బాల్కనీకి అద్దాలు పెట్టించుకో. చలికాలం హాయిగా కూచుని చూడొచ్చు."

"ఏం చూడమంటావే? కింద పోయే ట్రాలీబస్సుల్నా?"

వెలిచ్కా మనసులో ఉన్నది వేరు. ఇరవై ఏళ్ళ కిందట ఒక సాయంత్రం, స్టేషను ఎగువ రోడ్డులో ఒక రెండు తలుపుల జర్మను కారు ఆమె బస్సుని దాటిపోయింది. ఎనిమిది సిలిండర్ల ఇంజను. ట్రాలీబస్సుకి మూలుగు తప్ప గొంతులేదు, అలాంటిది ఆ కారు గొంతు ఆమె కడుపులోకి దిగి కూచుంది. అప్పటినుంచీ అదే కావాలి. కొత్తది ఏడు జన్మలకీ అందదు. పాతది అందుతుంది, ఒక్కసారికి. మంచి బండి దొరికిందా, సరే. లోపల ఇంజను పాడైనదైతే మళ్ళీ కట్టించడానికి బండి ఖరీదంత అవుతుంది. అప్పుడిక బండీ లేదు, డబ్బూ లేదు, బాల్కనీ అద్దాలూ లేవు.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఇంత డ్రైవరుకీ ఇంజను చప్పుడు తెలియదు. కరెంటు బండికి ఇంజనెక్కడిది? అందుకని డిపోలో ఒకప్పుడు డీజిల్ బస్సులు బాగుచేసిన యోంకోని వెంటబెట్టుకుంది. యోంకోకి డెబ్భై నాలుగు. చిన్నప్పుడు చెవులకు జబ్బు చేసి సగం, ఆ తరవాత మిగతా సగం, మొత్తానికి వినికిడి పోయింది; ఎడమచెవిలో అరిస్తే మాత్రం కాస్త వినబడుతుంది. ఇంజను వినడానికి చెవిటివాణ్ణి తీసుకెళ్తోందని డిపో అంతా పడీపడీ నవ్వింది. నవ్వినవాళ్ళకి యోంకో పని తెలియదు. అతని దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటుంది. దాని కొన ఇంజనుకి ఆనించి, చెక్కపిడిని పళ్ళతో కరుచుకుంటాడు. చెవుల్లోంచి పోని చప్పుడు పళ్ళలోంచి, దవడలోంచి నేరుగా తలలోకి పోతుంది. లోపల ఏ ముక్క అరిగిందో, ఏది వదులైందో పేరు పెట్టి చెబుతాడు.

"ఈ జాతి బండ్లు వియ్యపురాళ్ళ లాంటివమ్మాయ్," అనేవాడు అరవైఏళ్ళ వెలిచ్కాతో. "మర్యాదలో ఎక్కడ లోటు జరిగినా గుర్తుపెట్టుకుంటాయి. ఆయిలు ఆలస్యంగా మార్చావా, అడుగున బేరింగులు అరిగిపోతాయి. వేడెక్కకముందే తరిమావా, సిలిండరు గోడలు గీసుకుపోతాయి. ఇక లోపలి గొలుసు వదులైతే పొద్దున్నే గలగలమంటుంది. ఇవన్నీ చల్లగా ఉన్నప్పుడే తెలుస్తాయి. ఆయిలంతా కిందికి దిగిపోయి ఉంటుందిగా, మొదటి పది ఊపిర్లలో నిజం కక్కేస్తుంది. వేడెక్కాక ప్రతి ఇంజనూ పెద్దమనిషే."

అమ్మేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే కొనేవాళ్ళు వచ్చేసరికి బండిని నాలుగు వీధులు తిప్పి, వేడి చేసి, తుడిచి నిలబెడతారు. వెలిచ్కా అప్పటికి నాలుగు బండ్లు చూసింది. రెండిటి బానెట్ మీద గుడ్డు కొడితే ఉడికేంత వేడి. మూడోదాంట్లో చిక్కటి మందేదో పోసి ఇంజను గొంతు నొక్కారు. నాలుగోది నీలంపొగ వదిలింది. ఆ పెద్దమనిషి అది ఊరి గాలి గుణమన్నాడు. పైన పటారం, లోన లొటారం. ఆ నలుగురి పేర్లూ వెలిచ్కాకి ఇప్పటికీ గుర్తే. ఎదురుపడితే వాళ్ళకి మంచిది కాదు.

అయిదోది గాబ్రొవోలో ఉందని తెలిసింది. ఇంట్లో వేడి బయటికి పోకూడదని, లోపలికొచ్చేటప్పుడు తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచక్కర్లేకుండా పిల్లుల తోకలు కత్తిరించారని పేరుబడ్డ ఊరు. ఆ ఊరివాడు అంత ఇంధనం తాగే బండిని ఎందుకు ఉంచుకున్నాడో ఎవరికీ అర్థం కాదు. ధర కూడా అనుమానం వచ్చేంత తక్కువ. పది గంటలకి రమ్మన్నాడు. యోంకో, వెలిచ్కా అతని డబ్బా కారులో ఏడింటికే వెళ్ళి వాకిట్లో నిలబడ్డారు.

బండి పాకలో ఉంది. ముదురాకుపచ్చ రంగు, ఎక్కడా సొట్ట లేదు. వెలిచ్కా ఇంటివాళ్ళని పిలవలేదు, గుమ్మం కూడా తట్టలేదు. నేరుగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది.

వెచ్చగా ఉంది.

ఆమెకి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. "పద యోంకో అన్నా! వీడూ ఆ బాపతే!"

"ఏమిటీ?" అన్నాడు యోంకో.

"వేడిగా ఉందీ!" అని అరిచింది అతని ఎడమచెవిలో. ఆ అరుపుకి ఇంటి తలుపు తెరుచుకుంది. సన్నటి మనిషి ఒకడు, మోచేతుల దగ్గర మాసికలు వేసిన కోటుతో, రెండు చేతులూ ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఇంటాయన రాచో అతనే.

"ముట్టుకోకండి! బానెట్ ఎత్తకండి! అదురుతుంది!"

"ఏం అదురుతుందయ్యా? నీ గుట్టా?" వెలిచ్కా బానెట్ ఎత్తనే ఎత్తింది.

లోపల ఇంజను కనబడలేదు. బొంత ఉంది. బొంత తొలగిస్తే ఉన్ని శాలువా ఉంది. శాలువా కింద, ఎనిమిది సిలిండర్ల ఇంజను నెత్తిమీద, మూతలు పెట్టిన ఆరు మట్టిపిడతలు వరసగా కూచుని ఉన్నాయి.

"పాలు తోడుపెట్టాం," అన్నాడు రాచో, సిగ్గుపడకుండా. "ఎగువ పల్లెలో గేదెపాలు దొరుకుతాయి. అయిదింటికి వెళ్ళి తెచ్చా. వచ్చాక ఈ వేడంతా ఊరికే గాల్లో పోతుంటే చూస్తూ కూచోవాలా? పొయ్యికి కట్టెలు ఖర్చు కదా. నాలుగున్నర గంటలు కదపకూడదు. పెరుగు విరిగిపోతుంది."

యోంకో వంగి పిడతలు చూశాడు, బొంత చూశాడు, రాచోని చూశాడు. అతని భుజాలు కదలసాగాయి. నవ్వుతున్నాడు.

అంతలో రాచో భార్య తోత్కా వచ్చింది. గుండ్రటి మనిషి, చేతికి ఇంకా పాలమీగడ అంటుకుని ఉంది. "ఏమయ్యా, వాళ్ళు పదింటికి కదా అన్నావు? అయినా శుక్రవారం పెట్టుకునే పెరుగు మంగళవారం పెట్టమంటే నేను అప్పుడే అన్నా, ఎందుకయ్యా తొందర, ఇంకా రెండు పిడతల పాత పెరుగు ఉంది అని. వింటేనా!"

రాచో పాక కప్పుకేసి చూశాడు.

"ఓహో," అంది వెలిచ్కా నెమ్మదిగా. "నేను వస్తున్నానని మంగళవారానికి మారిందా పెరుగు? పాలకోసం వెళ్ళినట్టూ ఉంటుంది, ఇంజను వేడెక్కినట్టూ ఉంటుంది. పదింటికి నేనొచ్చి చల్లటి ఇంజను చూపించమంటే, పెరుగుంది, కదపకూడదు అంటావు."

"అక్కా, పెరుగు మాత్రం అబద్ధం కాదు," అన్నాడు రాచో.

"దీనికేదో చప్పుడుంది. అవునా కాదా?"

రాచో కోటు మోచేతి మాసిక సర్దుకున్నాడు. జవాబు తోత్కాయే చెప్పింది. "ఉందక్కా. పొద్దున్నే మొదలెడితే గలగలమంటుంది, కాసేపటికి ఆగిపోతుంది. ఇద్దరొచ్చారు, విన్నారు, పారిపోయారు. అప్పట్నుంచీ ధర దిగుతూనే ఉంది. రాత్రిళ్ళు ఈయనకి నిద్ర లేదు."

గలగల! గొలుసు చప్పుడే. వెలిచ్కా చేతిసంచీ చంకలో పెట్టుకుని వాకిలికేసి నడిచింది. యోంకో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పెదాలు చదివి అతనికి మొత్తం అర్థమైంది.

"అమ్మాయ్, నలుగురు అబద్ధమాడితే వెళ్ళిపోయాం, బాగుంది. వీడి పెళ్ళాం నిజం చెప్పింది. నిజం చెప్పిన ఇంట్లో ఒక పూట కూచోడానికి నీకేం తొందర? పెరుగు తోడుకోనీ. ఆ తరవాత బానెట్ తెరిచి సాయంత్రందాకా వదిలేద్దాం. చల్లారాక నేను కరిచి చూస్తా. గొలుసే అయితే నేనే చెబుతా, పోదాం."

అలా ఆ రోజంతా నలుగురూ ఒక పెరుగు కోసం కాచుకుని కూచున్నారు. ఏప్రిల్ నెల, కొండగాలి చల్లగా ఉంది. తన బండి ఎంత మంచిదో రాచో చెప్పుకొచ్చాడు. అది అతని తమ్ముడిదట. తమ్ముడు కొండకి అవతలివైపు, కజన్లుక్‌లో ఉంటాడు. ముగ్గురు పిల్లలు పుట్టేసరికి రెండు తలుపుల బండి ఇరుకై, దాన్ని అన్నకిచ్చి, బదులుగా అక్రోటు తోటలో అన్న వాటా తీసుకున్నాడు. రాచో దాన్ని వారానికొకసారి పాలకి తప్ప తియ్యడు.

"దిగుడులో ఇంజను ఆపేస్తావా?" అని అడిగాడు యోంకో. ఆ ఊరివాళ్ళ గురించి అతనికి తెలుసు.

రాచో నొచ్చుకున్నాడు. "మా నాన్న ఆపేవాడు. నేనొక్కసారే ఆపా. స్టీరింగు బిగుసుకుని బండి వెళ్ళి చర్చి గోడ పక్కన ఆగింది. పాదిరి బయటికొచ్చి, వచ్చావు కదా, కొవ్వొత్తి వెలిగించి పో అన్నాడు. దానికి డబ్బులయ్యాయి. మళ్ళీ ఆపలేదు."

"మరి ఆయిలు?"

"ఆరునెల్లకోసారి. మంచి ఆయిలే. ఆయిలు ఖరీదెంత, ఇంజను ఖరీదెంత? చవకగా బతకాలంటే ఖర్చుపెట్టాల్సిన చోట పెట్టాలి పెద్దాయనా. పిసినారులకి ఇది తెలీదు."

యోంకో ఆయిలు మూత తిప్పి, లోపల వేలు పెట్టి, వేలు వాసన చూశాడు. సైలెన్సరు గొట్టంలోకి తెల్లగుడ్డ దూర్చి తీశాడు. గుడ్డ మీద పొడి మసి తప్ప జిడ్డు లేదు. అతను వెలిచ్కాకేసి ఒక కన్ను మూసి తెరిచాడు. ఆ కన్నుగీటుతో ఆమెకి ఆశ పుట్టింది. ఆశపడితే మళ్ళీ ఎక్కడ మోసపోతానోనని దాన్ని అదుపు చేసుకుంది.

పదకొండున్నరకి తోత్కా పిడతలు ఒక్కొక్కటీ పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి లోపలికి తీసుకుపోయింది. పెరుగు కత్తితో కోస్తే ముక్కలయ్యేంత గట్టిగా తోడుకుంది. కొత్తది తాకనివ్వకుండా, పాత పెరుగులో దోసకాయ, వెల్లుల్లి, అక్రోటు పలుకులు వేసి చల్లటి పులుసు చేసి పెట్టింది. అక్రోటు పలుకులు మనిషికి రెండేసి. చెంచాలు మాత్రం వెండివి.

"మా అమ్మమ్మవి," అంది చెంచాలు పరుస్తూ. "పిడిమీద ద్రాక్షతీగ చూడండి. పెళ్ళికి పన్నెండిచ్చింది. ఇప్పుడు పదకొండే. మూడేళ్ళ కిందట, ఈ బండి ఇవ్వడానికి మా మరిది, తోటికోడలు పెనా వచ్చి వారం ఉన్నారు. వాళ్ళు వెళ్ళిన మర్నాడు లెక్క చూసుకుంటే ఒకటి లేదు."

"నువ్వేమన్నావు?" అంది వెలిచ్కా.

"ఏమంటాను! ఫోన్ చేసి అడిగా. పొరపాటున నీ సంచీలోకి వచ్చిందేమో చూడమన్నా. అది, నేను దొంగనా అంది. నేను, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలెందుకు తడుముకుంటావన్నా. ఆ రోజునుంచి మాటల్లేవు. దాని చిన్నపిల్ల బాప్తిజానికి కూడా పిలవలేదు." తోత్కా కళ్ళు తుడుచుకుంది. "చెంచా పోతే పోయింది, నాకు అది వచ్చి కూచుంటే ఇల్లు నవ్వేదక్కా."

"బస్సు చార్జీలు కలిసొచ్చాయిలే," అన్నాడు రాచో. తోత్కా చూసిన చూపుకి పులుసులో తల పెట్టేశాడు.

అయిదు గంటలకి యోంకో ఇంజను మీద అరచెయ్యి పెట్టి, తరవాత చెంప పెట్టి, "చల్లబడింది" అన్నాడు. స్క్రూడ్రైవరు పిడి చొక్కాకి తుడుచుకుని పళ్ళతో కరిచాడు. వెలిచ్కా లోపల కూచుంది. తాళంచెవి పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళ పొదుపూ ఆ తాళంచెవి అంచున వేలాడుతున్నట్టు ఆమెకి స్పష్టంగా తెలిసింది. తిప్పింది.

ఎనిమిది సిలిండర్లు ఒక్కసారి లేచాయి. స్టేషను రోడ్డులో ఇరవై ఏళ్ళ కిందట విన్న గొంతు అదే. వెలిచ్కా పెదవి కొరుక్కుంది. ఆ గొంతు మీదే, పైపైన, గలగలగలగల. ఇనప డబ్బాలో గుళకరాళ్ళు పోసి ఊపినట్టు. ఇంజను చెవి లేని వెలిచ్కాకి కూడా అర్థమైంది, అలాంటి చప్పుడు ఉండకూడదని. ఆమె కళ్ళు మూసుకుంది. పోనీలే, అనుకుంది, బాల్కనీ అద్దాలే నా మొహాన రాసుంటే.

యోంకో మాత్రం తొందరపడలేదు. స్క్రూడ్రైవరు కొన అడుగున ఆనించాడు: బేరింగులు. ఇక్కడ కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పైకి జరిపాడు, ఒక్కో సిలిండరు పక్కన ఒక్కో ఊపిరి ఆగాడు. ముందుభాగంలో గొలుసు మూత మీద పెట్టి చాలాసేపు ఉంచాడు. అప్పుడు కొన ఎత్తి, రెండు సిలిండర్ల వరసల మధ్యనున్న పల్లంలోకి దించాడు. ఒక్కసారి ఎగిరిపడి పిడి వదిలేశాడు.

"ఆపు! ఆపమ్మాయ్! నా కట్టుడుపన్ను ఊడొచ్చేట్టుంది!"

వెలిచ్కా ఆపింది. యోంకో పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "బేరింగులు బంగారం. గొలుసు బిగువుగా ఉంది. ఇది ఇంజను చప్పుడు కాదర్రా, ఇంజను మీదున్న చప్పుడు! పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఇంజను కొంచెం జోరుగా తిరుగుతుంది, ఆ జోరుకి అక్కడ ఏదో ఎగిరెగిరి కొట్టుకుంటోంది. వేడెక్కి నెమ్మదించగానే అదీ పడుకుంటోంది."

తాడుకి కట్టిన అయస్కాంతం పల్లంలోకి దింపాడు. ఖాళీగా వచ్చింది. మళ్ళీ దింపాడు, మళ్ళీ ఖాళీ. "ఇనుము కాదు," అని గొణుక్కున్నాడు. "అయితే ఇంజనులోంచి ఊడిన ముక్కే కాదు." తీగ ఒకటి వంచి కొక్కెం చేసి, నాలుక బయటపెట్టి, చేపలు పట్టేవాడిలా కాసేపు గెలికాడు. ఏదో తగిలింది. మెల్లగా పైకి లాగాడు.

మసిపట్టిన చెంచా. యోంకో దాని పిడిని బొటనవేలితో రుద్దాడు. ద్రాక్షతీగ కనబడింది.

తోత్కా వేసిన కేకకి పొరుగింటి పావురాలన్నీ లేచిపోయాయి. చెంచాని రెండుచేతుల్లో పట్టుకుని కిందే కూలబడింది. "నేనే! నేనే పెట్టా! బండి వచ్చిన మొదటి వారం, పాలల్లో తోడు కలిపి, చెంచా పిడత పక్కన పెట్టా... అయ్యో పెనా! నా నోరు పడిపోను! మూడేళ్ళు దాన్ని దొంగని చేశా!"

వెలిచ్కా బండి దిగి ఆమె పక్కన కూచుని వీపు నిమిరింది. నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వస్తున్నాయి ఆమెకి. బండి మంచిది. బండి మంచిది! ఇంకెవరో చెబితే నమ్మేది కాదు, యోంకో పళ్ళు చెప్పాయి.

రాచో మొహం మాత్రం క్షణానికో రంగు మారుతోంది. మెల్లగా దగ్గాడు. "అక్కా, చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. ఆ చప్పుడుందనే ధర రెండువేల లెవాలు దించా. ఇప్పుడు చప్పుడు లేదు కదా. మరి ఆ రెండు వేలు..."

వెలిచ్కా చేతిసంచీ గట్టిగా పట్టుకుంది. ఆమె కవరులో ఉన్నది చెప్పిన ధర, దానిమీద ఇంటికెళ్ళడానికి ఇంధనం ఖర్చు. అంతే. సంవత్సరమంతా తిరిగి, మంచి బండి దొరికాక, ఒక చెంచా దెబ్బకి చేజారిపోతుందా?

తోత్కా లేచి నిలబడింది. చెంచా ఇంకా పిడికిట్లోనే ఉంది. "రాచో."

"ఏమే?"

"ఈ చప్పుడెవరిది?"

"చెంచాది."

"చెంచా ఎవరిది?"

"నీది."

"అయితే దించిన ధర కూడా నాదే. అది అలాగే ఉంటుంది. రెండు వేలు పోయాయని ఏడవకు. ఆ చప్పుడు లేకపోతే మొదటొచ్చినవాడే బండి పట్టుకుపోయేవాడు, చెంచాతో సహా! నేను చచ్చేదాకా పెనాని తిట్టుకుంటూ ఉండేదాన్ని." ఆమె వెలిచ్కా వైపు తిరిగింది. "అక్కా, బండి నీది. ఒక్కటే అడుగుతా. నన్ను ఇప్పుడే, ఈ నిమిషమే, కజన్లుక్ తీసుకెళ్ళు."

రాచో వేళ్ళు ముడిచి లెక్కవేశాడు. ఇద్దరికి రానూపోనూ బస్సు, అక్కడ పెనా పెట్టే భోజనం. ముఖం కాస్త తేరుకుంది. "సరే, నేనూ వస్తా. రేపు నోటరీ దగ్గర సంతకమయ్యేదాకా బండి నాది కదా." కవరు తీసుకుని, లెక్కపెట్టి, చొక్కాలోపల గుండెకి ఆనించి పెట్టుకున్నాడు. "ఈ పెద్దాయన డబ్బా కారు రాత్రికి మా పాకలో ఉంచుకోవచ్చు. ఊరికే. చుట్టాల్లాంటి వాళ్ళు."

యోంకోకి అది వినబడలేదు, పాపం. గాబ్రొవోలో ఊరికే అన్న మాట ఎన్నిసార్లు వినబడుతుంది!

ఆ దేశంలో కొత్త పని మొదలెట్టేటప్పుడు నీళ్ళు పోస్తారు, అంతా నీళ్ళలా సాఫీగా సాగాలని. తోత్కా రాగిచెంబు నిండా కుళాయి నీళ్ళు తెచ్చింది. రాచో ఆ నీళ్ళని కుండీలో పోసి, వాన నీళ్ళు ముంచి ఇచ్చాడు. తోత్కా వాటిని చక్రాల ముందు చిలకరించింది. వెలిచ్కా క్లచ్చు వదిలింది, ఇంజను ఆగిపోయింది. మళ్ళీ వదిలింది, మళ్ళీ ఆగింది. ట్రాలీబస్సుకి గేర్లు లేవు మరి. యోంకో డబ్బా కారులో నేర్చుకున్నది ఈ గుర్రానికి చాలలేదు. మూడోసారి బండి గేటు దాటింది. వెనక సీటులో రాచో, యోంకో మోకాళ్ళు గడ్డాలకి తగిలేట్టు ముడుచుకుని కూచున్నారు. తోత్కా ముందు కూచుని, కొత్త పెరుగు పిడత ఒళ్ళో పెట్టుకుంది.

షిప్కా కనుమ రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. మూడో మెలికలో కలపదుంగల లారీ ఒకటి ముందు తగిలింది. వెలిచ్కా అలవాటుగా దాని వెనకే చేరింది. అలవాటుగానే కళ్ళెత్తి పైకి చూసింది, తీగ ఎటు పోతోందోనని.

తీగ లేదు. బీచి చెట్ల లేతాకులు, వాటిమీద ఆకాశం ఉన్నాయి.

"దాటవే అమ్మాయ్!" అని వెనకనుంచి అరిచాడు యోంకో. "ఖాళీ రోడ్డు! దాటూ!"

వెలిచ్కా గేరు దించి, కాలు నొక్కింది. ఇంజను గొంతెత్తింది. లారీ పక్కకి వచ్చి, చిన్నదై, అద్దంలో బొమ్మయి, మలుపులో మాయమైంది. "పిడత! పిడత!" అని తోత్కా అరుస్తోంది, "ఇంధనం! ఇంధనం!" అని రాచో అరుస్తున్నాడు. వెలిచ్కా నోరారా నవ్వుతోంది. ఆమె జీవితంలో అంత ఆనందం ఇంకోటి లేదు. కూతురు పుట్టిన రోజు ఒకటి ఉంది, కానీ ఆ రోజు నొప్పులు కూడా ఉన్నాయి.

కజన్లుక్‌లో పెనా తలుపు తీసింది. ఎదురుగా తోటికోడల్ని చూసి కొయ్యబారిపోయింది. తోత్కా పిడత ముందుకి చాచింది. పెరుగులో నిలువునా గుచ్చిన ద్రాక్షతీగ చెంచా, తోమినా పోని మసితో.

"బండిలో ఉందే," అంది ఎలాగో. "నేనే పడేసుకున్నా. నన్ను నాలుగు తిట్టు. అయిదు తిట్టు."

పెనా చెంచాని చూసింది, తోత్కాని చూసింది. చెంచాతో ఇంత పెరుగు తీసి నోట్లో పెట్టుకుంది. నిదానంగా చప్పరించింది.

"బాగా తోడుకుంది," అంది. "మూడేళ్ళు పట్టిందిగా." ఆపైన ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని గుమ్మంలోనే బావురుమన్నారు. మధ్యలో పిడత జారబోతే రాచో ఎగిరి పట్టుకున్నాడు. వచ్చినవాళ్ళని తెల్లారేదాకా ఎవరూ కదలనిచ్చేట్టు లేరు. లోపల గొర్రెమాంసం వేగుతున్న వాసన తగలగానే రాచో కూడా బండి సంగతి, నోటరీ సంగతి మరిచిపోయాడు.

వెలిచ్కా కాస్త తిని, ఆకలి తీరి కాదు, బండి దగ్గరికి పోవాలని తొందరగా లేచి బయటికొచ్చింది. ఇంకా వెలుతురు ఉంది. యోంకో ఆమె వెనకే వచ్చి ముందు సీటులో సర్దుకున్నాడు. ఆమె తాళంచెవి తిప్పింది. యోంకో అరచెయ్యి కప్పుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. గలగల లేదు. ఉన్నది ఆ గొంతొక్కటే.

"రేపు పొద్దున్నదాకా ఖాళీయే కదా," అన్నాడు. "ఏ రూటమ్మాయ్?"

వెలిచ్కా నోరు తెరిచింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఎప్పుడూ ఒక అంకె సిద్ధంగా ఉండేది. ఎడమకి చూసింది, గులాబీ తోటల మధ్య రోడ్డు. కుడికి చూసింది, ఇంకో రోడ్డు.

"నాకు తెలీదన్నా," అంది. ఆ మాట ఎంత బాగుందంటే, అతనికి వినబడేలా చెవిలో మళ్ళీ అరిచింది. "నాకు తెలీదూ!"